భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్

పాత ఫిలమెంటు బల్బు ఒకటి చేతిలో ఉంది. గాజు మీద 230 వోల్టులు, 100 వాట్లు అని అచ్చు. మల్టీమీటరు మీటని నిరోధం కొలిచే ఓముల దగ్గరికి తిప్పి, రెండు ప్రోబుల్నీ బల్బు అడుగున ఉన్న రెండు చుక్కలకి ఆనించాను. మీటరు 40 ఓముల దగ్గర నిలబడింది. బళ్లో బట్టీపట్టిన సూత్రం ఇంకా నోట్లోనే ఉంది: వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్. 230ని 230తో గుణించి 40తో భాగించాను. 1322 వాట్లు! వంద వాట్ల బల్బు పదమూడు వందల వాట్లు ఎలా తింటుంది?

మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు మీటరులో బ్యాటరీ అయిపోయి ఉంటుందనుకున్నాను. మార్చాను. మళ్లీ 40. ఇంకో బల్బు తెచ్చి చూసినా దాదాపు అంతే. మీటరు అబద్ధం చెప్పడం లేదు. బల్బు మీది అచ్చులోనూ తప్పు లేదు. సూత్రం సరే సరి. ముగ్గురు సాక్షులూ నిజమే చెబుతున్నారు గానీ, ముగ్గురి మాటా ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

కొలిచేవి రెండే

వోల్టేజీ, కరెంటు, నిరోధం, పవర్ అని నాలుగు పేర్లు వినిపిస్తాయి కాబట్టి నాలుగు విడివిడి సంగతులున్నాయని అనుకుంటాం. నిజానికి కొలిచేవి రెండే. వోల్టేజీ, కరెంటు. మిగతా రెండూ వాటి నుంచి లెక్క కట్టి తీసేవి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం. అవే రెండు అంకెల్ని గుణిస్తే పవర్. పాఠ్యపుస్తకాల్లో దీన్ని విద్యుత్ సామర్థ్యం అని రాస్తారు. మీటరు పట్టుకుని పనిచేసేవాళ్ల నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు, అందుకని పవర్ అనే అంటాను.

12 వోల్టుల బ్యాటరీకి ఏదో వస్తువు తగిలించారనుకోండి. 2 ఆంపియర్లు పారుతున్నాయి. భాగిస్తే 6 ఓములు, గుణిస్తే 24 వాట్లు. లోపల ఏముందో విప్పి చూడకుండానే ఈ రెండు ముక్కలూ చెప్పేయొచ్చు.

గుణిస్తే పవరే ఎందుకు రావాలన్న ప్రశ్న బళ్లో ఎవరూ అడగనివ్వరు. యూనిట్లని విప్పి చూస్తే జవాబు అక్కడే ఉంటుంది. ఒక కులూంబు ఆవేశం ఆ వస్తువు గుండా దాటిపోతూ ఎన్ని జౌళ్ల శక్తిని అక్కడ వదిలిపోతుందో చెప్పేది వోల్టు. సెకనుకి ఎన్ని కులూంబులు దాటుతున్నాయో చెప్పేది ఆంపియర్. ఒక్కో కులూంబు 12 జౌళ్లు వదిలిపోతోంది, సెకనుకి రెండు కులూంబులు దాటుతున్నాయి, అంటే సెకనుకి 24 జౌళ్లు. సెకనుకి ఒక జౌలునే మనం వాటు అంటున్నాం. ఇందులో ఓమ్ నియమం ఊసే లేదు చూడండి. ఉన్నది తీగైనా, మోటారైనా, ఎల్‌ఈడీ అయినా, ఛార్జింగులో ఉన్న బ్యాటరీ అయినా ఏ క్షణానికా క్షణం ఈ గుణకారం తప్పదు.

భాగహారానికి అంత గట్టి పునాది లేదు. 6 ఓములు అంటే ఒక్కో ఆంపియర్‌ని పారించడానికి 6 వోల్టులు పెట్టాల్సి వస్తోందని అర్థం. ‘వస్తోంది’ అన్నానే గానీ ‘వస్తుంది’ అనలేదు. ఇప్పుడు, ఈ వోల్టేజీ దగ్గర, ఈ వేడి మీద ఆ నిష్పత్తి 6. రేపు కూడా 6 ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. బల్బు గొడవంతా అక్కడిదే.

దానికి ముందు చిన్న జాగ్రత్త. చిన్న సర్క్యూట్లలో కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. 5 వోల్టులు, 20 మిల్లీఆంపియర్లు అన్నప్పుడు 5ని 20తో భాగించి పావు ఓము అనేసినవాళ్లు తక్కువేమీ కాదు. 20 మిల్లీఆంపియర్లంటే 0.02 ఆంపియర్, కాబట్టి నిరోధం 250 ఓములు, పవర్ 0.1 వాటు. దీనికో అడ్డదారి ఉంది: వోల్టుల్ని మిల్లీఆంపియర్లతో భాగిస్తే జవాబు నేరుగా కిలోఓముల్లో వస్తుంది, గుణిస్తే మిల్లీవాట్లలో వస్తుంది. 5ని 20తో భాగిస్తే 0.25 కిలోఓములు, గుణిస్తే 100 మిల్లీవాట్లు. సున్నాలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

ఓమ్ కనిపెట్టింది ఏమిటి?

జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులు. లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పేవాడు. 1820ల నడుమ ఆయన చేతికున్న బ్యాటరీలు నిలకడలేనివి. కరెంటు తీస్తున్నకొద్దీ వోల్టేజీ జారిపోయేది. కొలత మొదలుపెట్టినప్పుడు ఒకటి, ముగించేసరికి ఇంకొకటి. అలాంటి మూలంతో ఏ నియమమూ తేలదు. అప్పుడు భౌతికశాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ సలహా మీద బ్యాటరీని పక్కన పెట్టి, ఉష్ణోగ్రత తేడాతో వోల్టేజీ పుట్టించే థర్మోకపుల్‌కి మారాడు. బిస్మత్, రాగి కలిపిన రెండు అతుకులు. ఒక అతుకు మరిగే నీళ్లలో, రెండోది మంచులో. నీళ్లు మరుగుతున్నంతసేపూ, మంచు కరుగుతున్నంతసేపూ ఆ రెండు ఉష్ణోగ్రతలూ కదలవు, కాబట్టి వోల్టేజీ కూడా కదలదు. ఆ మూలానికి వేర్వేరు పొడవుల రాగి తీగలు తగిలించి, అయస్కాంత సూది ఎంత తిరుగుతోందో చూసి కరెంటుని కొలిచాడు. ప్రయోగాలు 1826 నాటివి, పుస్తకం 1827లో వచ్చింది. సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చాకే పేరు నిలబడింది.

నిరోధం అంటే వోల్టేజీని కరెంటుతో భాగించగా వచ్చేది అన్నది నిర్వచనం, అంతే. నిర్వచనాన్ని ఎవరూ కనిపెట్టనక్కర్లేదు. ఓమ్ తేల్చింది వేరు. ఉష్ణోగ్రత మారకుండా ఉంచితే లోహపు తీగలో ఈ నిష్పత్తి కూడా మారదు అన్నది ఆయన కనుగొన్న నిజం. వోల్టేజీ రెట్టింపు చేస్తే కరెంటూ రెట్టింపవుతుంది, నిష్పత్తి ఉన్నచోటే ఉంటుంది. ఆ ‘ఉష్ణోగ్రత మారకుండా’ అన్న షరతుని మనం పరీక్ష రాయగానే మర్చిపోతాం.

ఇంకో ముచ్చట. ఇదే సంగతిని 1781 ప్రాంతంలోనే హెన్రీ కావెండిష్ ఇంగ్లండులో గమనించాడు. అప్పటికి కరెంటుని కొలిచే సాధనం లేదు. ఉప్పునీళ్లు నింపిన గొట్టాల గుండా విద్యుత్తుని పంపి, ఆ దెబ్బని తన ఒంటి మీదే తీసుకుని, ఏది గట్టిగా తగిలిందో పోల్చుకునేవాడు. తన ఒంటినే మీటరు చేసుకున్నాడన్నమాట. రాసుకున్నది అచ్చుకి ఇవ్వలేదు. భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఆ కాగితాలు వెలికితీసి 1879లో ప్రచురించేసరికి నియమానికి ఓమ్ పేరు స్థిరపడిపోయి చాలాకాలమైంది.

ఇక బల్బు సంగతి. మల్టీమీటరు ఓములు కొలిచేటప్పుడు ఫిలమెంటు గుండా పంపేది చాలా చిన్న కరెంటు. ఫిలమెంటు చల్లగానే ఉంటుంది. వెలుగుతున్నప్పుడు అదే టంగ్‌స్టన్ తీగ 2500 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. అంత వేడిలో దాని నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే పదమూడు రెట్లకి చేరుతుంది. వెలుగుతుండగా కరెంటు కొలిస్తే సుమారు 0.435 ఆంపియర్ వస్తుంది. 230ని దానితో భాగించండి, 529 ఓములు. గుణించండి, 100 వాట్లు. మీటరు చెప్పిన 40 నిద్రపోతున్న బల్బుది, నేను వాడిన 230 మేలుకున్న బల్బుది. రెండు వేర్వేరు వేళల అంకెల్ని ఒకే లెక్కలో ఇరికించడమే నేను చేసిన తప్పు.

అలాగని ఆ 1322 వాట్లు ఉత్త భ్రమ కూడా కాదు. స్విచ్చి వేసిన తొలి క్షణంలో ఫిలమెంటు ఇంకా చల్లగానే ఉంటుంది కదా. అప్పుడు సుమారు 6 ఆంపియర్ల దాకా కరెంటు దూకుతుంది. రెప్పపాటులో తీగ వేడెక్కి, నిరోధం పెరిగి, కరెంటు అర ఆంపియర్ లోపుకి దిగుతుంది. పాత బల్బులు వెలుగుతూ వెలుగుతూ పోవడం కంటే స్విచ్చి వేసిన క్షణంలో టప్పుమని పోవడమే ఎక్కువ చూసి ఉంటారు. అందుకు పెద్ద కారణం ఇదే.

నిరోధం పెరిగితే పవర్ పెరుగుతుందా, తగ్గుతుందా?

అసలు చిక్కుముడి ఇక్కడుంది. కరెంటుకీ వోల్టేజీకీ నిరోధంతో ఉన్న సంబంధాన్ని పవర్ సూత్రంలో కలిపేస్తే ఇంకో రెండు సూత్రాలు పుడతాయి. పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం. పవర్ = వోల్టేజీ × వోల్టేజీ ÷ నిరోధం. మొదటిదాన్ని బట్టి నిరోధం పెరిగితే పవర్ పెరగాలి. రెండోదాన్ని బట్టి నిరోధం పెరిగితే పవర్ తగ్గాలి. ఒకే వస్తువుకి రెండూ ఎలా వర్తిస్తాయి?

సూత్రం ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే ముడి వీడుతుంది: నిరోధాన్ని మార్చినప్పుడు కదలకుండా ఉండేది ఏది, వోల్టేజీయా, కరెంటా?

సప్లైకి నేరుగా తగిలించే వస్తువులకి కదలనిది వోల్టేజీ. 230 వోల్టుల మీద నడిచే 1000 వాట్ల హీటర్ కాయిల్‌కి సుమారు 53 ఓములుంటాయి, 2000 వాట్లదానికి అందులో సగం, 26.5 ఓములు. ఎక్కువ వేడి కావాలంటే నిరోధం తక్కువ ఉండాలి. హీటర్ కాయిల్ తెగినచోట మెలిపెట్టి అతికేవాళ్లుంటారు; అలా చేస్తే కాయిల్ పొట్టిదవుతుంది, నిరోధం తగ్గుతుంది, మునుపటికంటే ఎర్రగా కాలి తొందరగా మళ్లీ తెగుతుంది. రిపేరు చేసినకొద్దీ హీటర్ బలపడిందనుకుంటారు పాపం.

ఒకే దారిలో ఒకదాని వెనక ఒకటి ఉన్నవాటికి కదలనిది కరెంటు. అందరిలోనూ పారేది ఒకటే కరెంటు కాబట్టి ఎవరి నిరోధం ఎక్కువైతే వారికే వేడెక్కువ. 100 వాట్ల బల్బునీ 40 వాట్ల బల్బునీ సిరీస్‌లో కలిపి 230 వోల్టులకి తగిలిస్తే ఏది బాగా వెలుగుతుంది? వందదే అని పందెం కాసేవాళ్లని చాలామందిని చూశాను. 40 వాట్ల బల్బు నిరోధం 1322 ఓములు, వందదానిది 529. ఈ అంకెల్నే పట్టుకుని లెక్క కడితే 40 వాట్లదానికి సుమారు 20 వాట్లు, 100 వాట్లదానికి 8 వాట్లే దక్కుతాయి. నిజంగా కలిపి చూస్తే తేడా ఇంకా పెద్దది. వంద వాట్ల బల్బు సరిగా వేడెక్కదు కాబట్టి దాని నిరోధం 529కి బాగా కిందనే ఉండిపోతుంది. అది వెలుగుతోందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవాలి.

లూజు కనెక్షన్ని కూడా ఈ కళ్లతోనే చూడాలి. 10 ఆంపియర్లు తీసే హీటరు ఉంది. ప్లగ్గు పిన్ను సాకెట్లో గట్టిగా పట్టడం లేదు, లేదా టెర్మినల్ స్క్రూ వదులైంది. ఆ అతుకు దగ్గర 0.4 ఓము నిరోధం వచ్చి చేరిందనుకోండి. అర ఓము కూడా లేదు, ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. 10ని 10తో గుణించి 0.4తో గుణించండి. 40 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లతోనే సోల్డర్‌ని నీళ్లలా కరిగిస్తుంది. అంతకంటే ఎక్కువ వేడి పప్పుగింజంత చోట, ప్లాస్టిక్ మధ్యలో, గంటల తరబడి పుడుతోంది. ప్లగ్గు గోధుమరంగుకి తిరగడం, సాకెట్ నోరు మెత్తబడి వంకరపోవడం దీనివల్లే. పైగా వేడికి పిన్ను తుప్పెక్కుతుంది, పట్టు ఇంకా సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఫ్యూజు ఎందుకు పోలేదు అని అడుగుతారు. ఫ్యూజు చూసేది కరెంటుని. కరెంటు 10 ఆంపియర్ల దగ్గరే ఉంది, నిజానికి వెంట్రుకవాసి తగ్గింది కూడా. దాని దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

ఇదే అతుక్కి రెండో సూత్రం వాడితే? 230 వర్గాన్ని 0.4తో భాగిస్తే లక్షా ముప్పై రెండు వేల వాట్లు వస్తాయి! సూత్రం తప్పా? కాదు. ఆ 230 వోల్టులు అతుకుకి అటూ ఇటూ లేవు. అతుకుకి ఇటు కొసకీ అటు కొసకీ మధ్య మీటరు పెడితే 4 వోల్టులే ఉంటాయి, మిగతా 226 హీటరు దగ్గర ఉంటాయి. 4 వర్గాన్ని 0.4తో భాగించండి, మళ్లీ 40 వాట్లే. ఏ వస్తువు పవర్ కావాలో ఆ వస్తువు రెండు కొసల మధ్య ఉన్న వోల్టేజీనే తీసుకోవాలి, దాని గుండా పారే కరెంటునే తీసుకోవాలి. తప్పిన లెక్కల్లో సగం నాకు ఇక్కడే దొరికాయి.

కరెంటు లైన్లలో వేల వోల్టులు ఎందుకు పెడతారన్నది కూడా ఇదే లెక్క. 1 ఓము నిరోధమున్న లైను గుండా 100 కిలోవాట్లు పంపాలి. 1000 వోల్టులతో పంపితే 100 ఆంపియర్లు పారాలి, లైనులోనే 10 కిలోవాట్లు వేడిగా పోతాయి. 10,000 వోల్టులైతే 10 ఆంపియర్లు చాలు, పోయేది 100 వాట్లు. వోల్టేజీ పదిరెట్లు, నష్టం నూరోవంతు. తీగ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ప్రయోగం చేసి చూపింది జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. తీగచుట్టని నీళ్లలో ముంచి, నీళ్లు ఎంత వేడెక్కాయో థర్మామీటరుతో చూసి, 1841లో ప్రకటించాడు.

అట్టముక్క మీది వాట్లు

వస్తువు మీద రాసి ఉన్న వాట్లు దాని జాతకం కాదు, ఒక వోల్టేజీ దగ్గర అది ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే మాట మాత్రమే. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు అని ఉన్న హీటరుకి 200 వోల్టులే అందాయి. 2000ని 200తో భాగించి 10 ఆంపియర్లు తీస్తుందనకూడదు. దాని కాయిల్ నిరోధం 26.45 ఓములు, అది పెద్దగా మారదు. 200ని 26.45తో భాగిస్తే 7.56 ఆంపియర్లు, పవర్ 1512 వాట్లు. వోల్టేజీ 13 శాతం తగ్గితే వేడి దాదాపు పాతిక శాతం తగ్గింది. వర్గం దెబ్బ అది.

లాప్‌టాప్ ఛార్జరు దీనికి ఎదురుతిరుగుతుంది. లోపలి సర్క్యూటు తనకి కావలసిన వాట్లని ఎలాగైనా లాగుతుంది. వోల్టేజీ తగ్గితే ఆ మేరకి ఎక్కువ కరెంటు తీసుకుని లెక్క సరిచేసుకుంటుంది. దానికి ఈ ‘10 ఆంపియర్లు’ తరహా లెక్కే సరైనది. వస్తువు ఏ జాతిదో తెలియకుండా సూత్రం పట్టుకుంటే లెక్క కాదు, జూదం.

రెసిస్టరు మీద పవర్ పరిమితి కూడా మర్చిపోవద్దు. 100 ఓముల పావు వాటు రెసిస్టరు ఎన్ని వోల్టులు తట్టుకుంటుంది? 0.25ని 100తో గుణించి వర్గమూలం తీస్తే 5 వోల్టులు. దానికి 12 వోల్టులు పెడితే 1.44 వాట్లు, దాదాపు ఆరు రెట్లు. ఈ లెక్క నేను ముందు వేలితోనూ తర్వాత కాగితం మీదా చేశాను. వరుస తిరగేసి ఉంటే బాగుండేది.

ఎల్‌ఈడీ దగ్గర భాగహారం ఏమైపోతుంది?

5 వోల్టుల సప్లైతో ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాలి. దానికి 2 వోల్టులు, 15 మిల్లీఆంపియర్లు కావాలి. మిగతా 3 వోల్టులు సిరీస్‌లో పెట్టే రెసిస్టరు మోయాలి. 3ని 15 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 0.2 కిలోఓము, అంటే 200 ఓములు. దానిలో పోయే పవర్ 45 మిల్లీవాట్లు, పావు వాటు రెసిస్టరు నిశ్చింతగా సరిపోతుంది.

మరి ఎల్‌ఈడీ నిరోధమెంత? 2ని 15 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 133 ఓములు. అయితే దీన్ని నమ్మి, 1 వోల్టు పెడితే 7.5 మిల్లీఆంపియర్లు పారతాయి అనుకుంటే ఎల్‌ఈడీ నవ్వుతుంది. 1 వోల్టుకి అందులో పారేది దాదాపు సున్నా. ఇటువైపు 2 వోల్టులు దాటి కొద్దిగా పెంచినా కరెంటు అమాంతం ఎగబాకుతుంది. వోల్టేజీకీ కరెంటుకీ మధ్య సరళరేఖ లేనిచోట నిరోధం అనే అంకె ఆ ఒక్క బిందువు దగ్గర మాత్రమే నిజం. గుణకారం మాత్రం ఇక్కడా చెక్కుచెదరలేదు. 2 వోల్టులు, 15 మిల్లీఆంపియర్లు, 30 మిల్లీవాట్లు.

కొలిచేటప్పుడు మీటరు కూడా సర్క్యూట్లో భాగమే

వోల్టేజీకి మీటరుని వస్తువుకి పక్కనుంచి, అంటే సమాంతరంగా కలపాలి. కరెంటుకి దారిని ఒకచోట తెంపి, మధ్యలో సిరీస్‌లో పెట్టాలి. కరెంటు కొలిచే స్థితిలో మీటరు లోపలి నిరోధం దాదాపు సున్నా. ఆ స్థితిలో మరిచిపోయి ప్రోబులు నేరుగా సప్లైకి పెడితే మీటరే షార్టవుతుంది. అదృష్టముంటే లోపలి ఫ్యూజుతో పోతుంది. పెద్ద సప్లై దగ్గరైతే మీటరు చేతిలోనే పేలే ప్రమాదముంది. కరెంటు చూడటం అవగానే ప్రోబుని వోల్టుల సాకెట్లోకి మార్చాకే మీటరు కింద పెట్టడం అలవాటు చేసుకోవాలి.

వోల్టుమీటరు కూడా అమాయకురాలేమీ కాదు. 10 వోల్టుల్ని చెరిసగం పంచుకుంటున్న రెండు 1 మెగాఓము రెసిస్టర్లలో ఒకదాని మీద 10 మెగాఓముల మీటరు పెట్టండి. 5 రావాలి, 4.76 వస్తుంది. మీటరు తన వాటా కరెంటు తీసుకుంది. తక్కువ నిరోధాల దగ్గర ఈ తేడా కంటికి ఆనదు.

భాగహారం నిజంగా మెరిసేది చాలా చిన్న నిరోధాల దగ్గర. ఒక తీగ నిరోధం 0.05 ఓము అనుకోండి. మల్టీమీటరు ఓముల స్థితిలో దాన్ని కొలవలేదు. ప్రోబుల తీగలకే అంతకంటే ఎక్కువ నిరోధం ఉంటుంది, రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. దాని బదులు తీగ గుండా 2 ఆంపియర్లు పంపి, తీగ మీదే రెండు చోట్ల వేరే ప్రోబులు ఆనించి వోల్టేజీ చూడండి. 0.1 వోల్టు వచ్చింది, 2తో భాగిస్తే 0.05. వోల్టేజీ చూసే ప్రోబుల్లో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి నిరోధం లెక్కలోకి రాదు. నాలుగు తీగల పద్ధతి అని దీనికి పేరు. పేరు పెద్దది, చేసేది మాత్రం అదే భాగహారం.

మూడు సూత్రాలు, మూడు జవాబులు

12 వోల్టుల చిన్న డీసీ మోటారు. తిరుగుతున్నప్పుడు 3 ఆంపియర్లు తీస్తోంది. ఆపి, వైండింగు, అంటే లోపలి రాగి తీగచుట్ట, నిరోధం కొలిస్తే 1 ఓము. పవర్ ఎంత?

వోల్టేజీని కరెంటుతో గుణిస్తే 36 వాట్లు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 9 వాట్లు. వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగిస్తే 144 వాట్లు. ఒకే మోటారుకి మూడు జవాబులు. మొదట్లో ఇది చూసి పుస్తకం మూసేసినవాళ్లని నేను తప్పుపట్టను.

మోటారు తిరుగుతున్నప్పుడు తానే ఒక జనరేటరులా పనిచేసి, సప్లైకి ఎదురుగా వోల్టేజీ పుట్టిస్తుంది. ఇక్కడ ఆ ఎదురు వోల్టేజీ 9. పన్నెండులో తొమ్మిది అక్కడే పోతే వైండింగు నిరోధానికి మిగిలింది 3 వోల్టులే. 3ని 1తో భాగిస్తే 3 ఆంపియర్లు, సరిపోయింది. అంటే సప్లై నుంచి మోటారు తీసుకుంటున్నది 36 వాట్లు. అందులో 9 వాట్లు వైండింగులో వేడి. మిగతా 27 షాఫ్టుని తిప్పడానికి, బేరింగుల రాపిడికి. మరి 144? షాఫ్టుని కదలకుండా బిగబట్టేస్తే ఎదురు వోల్టేజీ పుట్టదు. అప్పుడు సప్లై ఇవ్వగలిగితే 12 ఆంపియర్లు పారతాయి, 144 వాట్లూ వేడే. మూడు జవాబులూ నిజమే, మూడు వేర్వేరు ప్రశ్నలకి.

ఏసీ మోటారుకి వస్తే ఇంకో మెలిక. 230 వోల్టులు, 2 ఆంపియర్లు అని మీటర్లు చూపితే గుణకారం 460. కానీ వాట్ మీటరు 345 వాట్లే చూపిస్తుందనుకుందాం. ఏసీలో వోల్టేజీ, కరెంటు రెండూ పైకీ కిందికీ ఊగుతుంటాయి. వోల్టేజీ శిఖరానికి చేరినప్పుడు కరెంటు ఇంకా వెనకే ఉంటుంది. ఒక్కో ఊపులో కొంతసేపు మోటారు తీసుకున్న శక్తిని తిరిగి సప్లైకి ఇచ్చేస్తుంటుంది. ఏ క్షణానికా క్షణం గుణకారం నిజమే. మీటర్లు చూపే సగటు లాంటి అంకెల్ని గుణిస్తే మాత్రం ఆ వెనకబాటు కనపడదు. అందుకే 460ని వోల్ట్-ఆంపియర్లు అంటారు, 345ని వాట్లు అంటారు, వాటి నిష్పత్తి 0.75ని పవర్ ఫ్యాక్టర్ అంటారు. 230ని 2తో భాగిస్తే వచ్చే 115 ఓములు కూడా నిరోధం కాదు, దాన్ని ఇంపిడెన్స్ అనాలి. హీటరు, ఫిలమెంటు బల్బు లాంటివాటికి ఈ బెడద లేదు.

మళ్లీ మన డీసీ మోటారు. ఒకసారి షాఫ్టుకి ఏదో అడ్డుపడి అది కొంతసేపు నిలబడిపోయింది. గమనించి సప్లై తీసేసరికి వార్నిష్ కాలిన వాసన. వైండింగు ఎంత వేడెక్కింది? లోపలికి థర్మామీటరు దూర్చలేం. వెంటనే షాఫ్టు కదలనివ్వకుండా పట్టుకుని వైండింగు గుండా అర ఆంపియర్ పంపి వోల్టేజీ చూశాను. చల్లగా ఉన్నప్పుడు 0.5 రావాల్సింది, 0.6 వచ్చింది. అంటే 1 ఓము 1.2 అయింది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 శాతం పెరిగిందంటే వైండింగు మామూలుకంటే 50 డిగ్రీలకి పైగా వేడి మీద ఉందన్నమాట. పది నిమిషాలాగి మళ్లీ చూస్తే 0.54. ఇంకో అరగంటకి 0.5.